పన్నెండు సెకన్ల పరీక్ష: జ్వాలా నిరోధకాలూ, ఇంటి ధూళీ

ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇంటి సామాను స్వరూపమే మారిపోయింది. అంతకు పూర్వం పరుపు అంటే బూరుగు దూది, పత్తి, లేదా కొబ్బరి పీచు. కుర్చీ అంటే కొయ్య, పేము. వాటి స్థానాన్ని క్రమంగా ముడి చమురు నుంచి తయారయ్యే పాలియూరెథేన్ ఫోమ్, రకరకాల ప్లాస్టిక్కులు, కృత్రిమ నూలు ఆక్రమించాయి. ఫోమ్ తేలికైనది, చౌకైనది, మెత్తనైనది. అందువల్ల సోఫాలలో, పరుపులలో, కారు సీట్లలో, పసిపిల్లల పక్కలలో అది అనతికాలంలోనే ప్రవేశించింది. అయితే దానికి ఒక పెద్ద లోపం ఉంది. దూది పరుపుకు నిప్పంటుకుంటే అది చాలాసేపు కుములుతూ ఉంటుంది. ఫోమ్‌కు నిప్పంటుకుంటే కొద్ది నిమిషాలలోనే గది అంతా మంటలతో, నల్లని పొగతో నిండిపోతుంది.

ఈ లోపాన్ని సవరించడానికి పరిశ్రమలు ఎంచుకొన్న మార్గం ఫోమ్‌లోనూ, ప్లాస్టిక్‌లోనూ జ్వాలా నిరోధక రసాయనాలను కలపడం. ఉద్దేశం మంచిదే. కాని ప్రాణరక్షణ కోసం చేర్చిన ఆ రసాయనాలు వస్తువులలోనే నిలిచి ఉండక, ఇంటి ధూళి ద్వారా మనుషుల శరీరాలలోకి, అందులోనూ నేల మీద పాకే పసివారి శరీరాలలోకి చేరుతున్నాయని కాలక్రమంలో తేలింది. అంతేకాదు, ఇంటి సోఫాల విషయంలో అవి నిప్పును నిజంగా ఆపుతున్నాయా అన్న ప్రశ్నకు కూడా తృప్తికరమైన సమాధానం లభించలేదు. అమెరికాలో ఒక రాష్ట్రం రూపొందించిన ఒక చిన్న పరీక్ష నాలుగు దశాబ్దాల పాటు కోట్లాది ఇళ్ళలోని ధూళిని ఎలా మార్చివేసిందో తెలిపే ఈ వృత్తాంతం, ఫోమ్ సామాను వాడకం నానాటికీ పెరుగుతున్న మన దేశానికి కూడా తెలుసుకోదగినది.

మంటను ఆపే విధానం

మంట ప్రధానంగా వాయువులలో జరిగే రసాయన చర్య. వేడి తగిలిన పదార్థం విచ్ఛిన్నమై మండే వాయువులను వెలువరిస్తుంది. ఆ వాయువులలో హైడ్రోజన్, హైడ్రాక్సిల్ అనే మిక్కిలి చురుకైన అణు శకలాలు పుట్టి, గొలుసుకట్టుగా చర్యను ముందుకు నడిపిస్తాయి. బ్రోమిన్ లేక క్లోరిన్ గల సమ్మేళనాలను పదార్థంలో ముందుగానే కలిపి ఉంచితే, వేడికి అవి కూడా వాయురూపం దాల్చి ఆ శకలాలను పట్టి బంధిస్తాయి. గొలుసు తెగుతుంది, మంట మందగిస్తుంది. ఫాస్ఫరస్ సమ్మేళనాలలో పెక్కు మరొక విధంగా పనిచేస్తాయి. అవి పదార్థం ఉపరితలం మీద బొగ్గు పొరను ఏర్పరచి, లోపలి భాగానికి వేడి, ప్రాణవాయువు అందకుండా చేస్తాయి.

ఈ రసాయనాలను వస్తువులో చేర్చే పద్ధతులు రెండు. మొదటి పద్ధతిలో రసాయనం గోడలో ఇటుకవలె ఆ పదార్థపు అణువులతో బంధం ఏర్పరచుకొని ఇమిడిపోతుంది. రెండవ పద్ధతిలో అది కేవలం కలపబడుతుంది. ఏ బంధమూ ఉండదు. సోఫా ఫోమ్‌లో విస్తారంగా వాడినది రెండవ పద్ధతినే. బట్టల పెట్టెలో ఉంచిన కర్పూరపు బిళ్ళ ఎవరూ ముట్టకుండానే తరిగిపోయినట్లు, బంధం లేని రసాయనం కూడా అతి మెల్లగా వస్తువును విడిచి బయటకు వస్తుంది. కర్పూరం గాలిలో కలిసిపోతుంది. ఈ రసాయనాలలో అధిక భాగం ఆవిరిగా వెలువడినా మళ్ళీ ధూళికణాలను అంటిపెట్టుకొని గదిలోనే ఉండిపోతుంది. ఫోమ్ పాతబడి పొడిగా రాలినప్పుడు ఆ పొడితో కూడా అది ధూళిలో చేరుతుంది.

రెండు తొలి హెచ్చరికలు

ఈ రసాయనాల స్వభావాన్ని లోకానికి మొదట చాటినది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1973లో జరిగిన ఒక పొరపాటు. అక్కడి ఒక రసాయన కర్మాగారం పశువుల దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడ్‌ను, ప్లాస్టిక్‌లో కలిపే పాలీబ్రోమినేటెడ్ బైఫినైల్ అనే జ్వాలా నిరోధకాన్ని కూడా తయారుచేసేది. రెండింటి వ్యాపార నామాలూ ఇంచుమించు ఒకే విధంగా ఉండేవి. ఒకదానికి బదులు మరొకటి దాణా మిల్లుకు చేరింది. పశువులు పాలు తగ్గి, బక్కచిక్కి, జబ్బుపడసాగాయి. అసలు కారణం 1974లో గాని బయటపడలేదు. చివరకు సుమారు 30,000 పశువులను, 15 లక్షల కోళ్ళను చంపి పూడ్చవలసి వచ్చింది. ఈలోగా పాలు, మాంసం, గుడ్ల ద్వారా ఆ రసాయనం రాష్ట్ర ప్రజలలో అత్యధికుల శరీరాలలోకి చేరింది. కొవ్వులో నిలిచిపోయి, సంవత్సరాల తరబడి తరగని ఆ రసాయనం ప్రభావాన్ని పరిశోధకులు దశాబ్దాల తరువాత కూడా, ఆ ప్రజల సంతానంలో సైతం, పరిశీలిస్తూ వచ్చారు.

రెండవ హెచ్చరిక పిల్లల దుస్తుల నుంచి వచ్చింది. 1970వ దశకం తొలి సంవత్సరాలలో అమెరికా ప్రభుత్వం పిల్లల రాత్రి దుస్తులు సులభంగా అంటుకోరాదని నిబంధన విధించింది. ఆ నిబంధనకు లోబడడానికి తయారీదారులు 'ట్రిస్' అనే బ్రోమిన్ సమ్మేళనాన్ని బట్టకు పట్టించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రజ్ఞులు ఆ పదార్థం జన్యువులలో మార్పులు కలిగిస్తుందని, క్యాన్సర్‌కు కారణం కావచ్చునని 1977 జనవరిలో 'సైన్స్' పత్రికలో హెచ్చరించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఆ దుస్తులను నిషేధించింది. ఆ దుస్తులు ధరించిన పిల్లల మూత్రంలో ట్రిస్ విచ్ఛిన్నం కాగా ఏర్పడిన పదార్థం ఉన్నట్లు 1978లో ప్రచురితమైన మరొక పరిశోధన నిరూపించింది. అంటే అది చర్మాన్ని దాటి లోపలికి పోతున్నదన్నమాట.

ఆర్లీన్ బ్లమ్ హిమాలయాలతో సన్నిహిత సంబంధం గల వ్యక్తి. 1978లో నేపాల్‌లోని అన్నపూర్ణ శిఖరాన్ని అధిరోహించిన మహిళా బృందానికి ఆమెయే నాయకురాలు. ఆ తరువాత 1981–82లో భూటాన్ నుంచి లడఖ్ వరకు హిమాలయాల పొడవునా ఆమె పాదయాత్ర చేశారు. చాలాకాలం తరువాత ఆమె తిరిగి పరిశోధన రంగంలో ప్రవేశించేసరికి ఒక ఆశ్చర్యకరమైన విషయం ఎదురైంది. నిషిద్ధమైన ట్రిస్‌కు బదులుగా 1977లో పిల్లల దుస్తులలో ప్రవేశించి, తానూ జన్యువులను మార్చేదేనని తేలడంతో వాటి నుంచి తొలగిన క్లోరిన్ ట్రిస్, ఇప్పుడు సోఫాల ఫోమ్‌లో నిక్షేపంగా ఉంది. బట్టల నుంచి వెళ్ళగొట్టిన పదార్థం సోఫాలో కూర్చున్నది.

పరీక్షలోని పన్నెండు సెకన్లు

అది సోఫాలోకి రావడానికి కారణం కాలిఫోర్నియా రాష్ట్రం 1975లో విధించిన 117వ సాంకేతిక ప్రమాణం. సోఫా లోపలి ఫోమ్ ముక్కను విడిగా తీసి, కొవ్వొత్తి మంట వంటి చిన్న మంటను 12 సెకన్లపాటు తాకించినప్పుడు అది అంటుకోరాదని ఆ ప్రమాణం నిర్దేశించింది. ఫలానా రసాయనం వాడాలని అందులో ఎక్కడా లేదు. కాని ఫోమ్‌ను ఆ పరీక్షలో నెగ్గించడానికి తక్కువ ఖర్చుతో కూడిన మార్గం రసాయనమే. కాలిఫోర్నియా విపణి చాలా పెద్దది. ఒక్క రాష్ట్రం కోసం వేరే సరుకు తయారుచేయడం లాభసాటి కాదు. కాబట్టి అమెరికా అంతటా అమ్మే సోఫాలలో అధిక భాగం ఈ ప్రమాణం ప్రకారమే తయారయ్యాయి.

ఆ విధంగా పీబీడీఈలు అనే బ్రోమిన్ సమ్మేళనాలు రంగంలోకి వచ్చాయి. వీటిలో పెంటా రకం సోఫా ఫోమ్‌లోనూ, ఆక్టా, డెకా రకాలు టెలివిజన్, కంప్యూటర్ల ప్లాస్టిక్ డిప్పలలోనూ వాడబడ్డాయి. ఫోమ్ బరువులో పెంటా మూడు నుంచి ఐదు శాతం దాకా ఉండేది. ప్రపంచంలో ఉత్పత్తి అయిన పెంటాలో అత్యధిక భాగం ఉత్తర అమెరికాలోనే ఖర్చయింది. ఆ దేశ ప్రజల రక్తంలో ఈ రసాయనం ఐరోపా వారి కంటే పది రెట్లో, అంతకు మించో కనిపించడానికి ఇదే ముఖ్య కారణం.

ప్రమాద సూచన మాత్రం ముందుగా స్వీడన్ నుంచి వచ్చింది. అక్కడ 1972 నుంచి 1997 వరకు భద్రపరచిన తల్లిపాల నమూనాలను పరీక్షించగా, డీడీటీ వంటి పాత విషాలు తగ్గుతూ వచ్చాయని, పీబీడీఈల పరిమాణం మాత్రం ప్రతి ఐదేళ్ళకు రెట్టింపవుతూ వచ్చిందని వెల్లడైంది. ఐరోపా సమాజం 2004లో పెంటా, ఆక్టా రకాలను నిషేధించింది. అమెరికాలో వాటి ఉత్పత్తి అదే సంవత్సరాంతానికి నిలిచిపోయింది.

ధూళి నుంచి దేహానికి

పాత విషాలలో పెక్కు ఆహారం ద్వారా శరీరానికి చేరేవి. పీబీడీఈల విషయంలో, ముఖ్యంగా అమెరికాలో, ప్రధాన మార్గం ఇంటి ధూళి అని పరిశోధకులు గుర్తించారు. ధూళి చేతులకు అంటుతుంది, చేతులు నోటికి చేరతాయి. పెద్దల కంటే పసిపిల్లలు నేలకు దగ్గరగా ఉంటారు, చేతులు తరచుగా నోటిలో పెట్టుకొంటారు, వారి శరీరపు బరువు తక్కువ. ఇరవై అమెరికన్ కుటుంబాలపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లల రక్తంలో ఈ రసాయనాలు తల్లుల రక్తంలో కంటే సగటున మూడు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఒకే ఇంట్లో, ఒకే గాలి పీలుస్తూ నివసించే తల్లీబిడ్డల మధ్య ఇంత తేడా ఉండటం గమనార్హం.

పీబీడీఈల అణు నిర్మాణం గొంతులోని థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోన్‌ను పోలి ఉంటుంది. గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు ఆ హార్మోన్ అత్యవసరం. కనుకనే ఆందోళన ప్రధానంగా పిల్లల బుద్ధివికాసం గురించి. కాలిఫోర్నియాలో వ్యవసాయ కూలీల కుటుంబాలను గర్భదశ నుంచి అనుసరించిన పరిశోధకులు, తల్లి రక్తంలో పీబీడీఈలు అధికంగా ఉన్న పిల్లలలో ఏకాగ్రత, చేతుల నేర్పు, గ్రహణశక్తి కొంత తక్కువగా ఉన్నట్లు 2013లో తెలిపారు. ఇటువంటి అధ్యయనాలను సమీక్షించి 2017లో వెలువరించిన ఒక వ్యాసం, తల్లి రక్తంలో పరిమాణం పది రెట్లు పెరిగితే బిడ్డ ప్రజ్ఞాలబ్ధి సుమారు 3.7 అంకెలు తగ్గుతున్నదని అంచనా వేసింది. ఒక్క బిడ్డలో ఇది పైకి కనిపించని తేడా. ఒక దేశంలోని పిల్లలందరిలో లెక్కిస్తే చిన్న నష్టం కాదు.

అయినా లెక్కలను తూచి చూడటం అవసరం. నల్లని ప్లాస్టిక్ వంట గరిటెలలో డెకా రకం ఉన్నదని 2024లో ఒక అధ్యయనం వెలువడగా పెద్ద కలకలం రేగింది. ఆ తరువాత అందులోని గుణకారంలో ఒక సున్న తప్పిపోయినట్లు బయటపడింది. పరిమితికి సమీపంలో ఉందనుకొన్న మోతాదు నిజానికి అందులో పదవ వంతు కంటే తక్కువే. పాత విద్యుత్ పరికరాల ప్లాస్టిక్‌ను కరిగించి వంట సామగ్రి తయారుచేయడం తగదన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. మరొక సంగతి: రసాయనం ఎక్కువగా ఉన్నవారిలో ఒక లోపం కనిపించినంత మాత్రాన దానికి ఆ రసాయనమే ఏకైక కారణమని చెప్పరాదు. అనేక అధ్యయనాలు ఒకే దిశను చూపినప్పుడు, జంతువులపై ప్రయోగాలు దానికి తోడైనప్పుడు, జాగ్రత్త పడటం వివేకం.

నిప్పు నిజంగా ఆగిందా?

ఇంత నష్టానికి తగిన లాభం కలిగిందా అన్నది అసలు ప్రశ్న. పరీక్షలో ఫోమ్‌ను విడిగా ఉంచి మంట తాకిస్తారు. నిజమైన సోఫాలో ఫోమ్ పైన గుడ్డ ఉంటుంది. మొదట అంటుకొనేది గుడ్డ. గుడ్డ పూర్తిగా రగిలిన తరువాత ఫోమ్‌కు తగిలేది కొవ్వొత్తి మంట కాదు, దాని కంటే ఎన్నో రెట్లు పెద్ద మంట. ఆ మంటను ఫోమ్‌లోని మూడు నుంచి ఐదు శాతం రసాయనం నిలువరించలేదు. పైగా సోఫా ప్రమాదాలలో పెక్కింటికి మూలం ఆర్పకుండా వదిలిన సిగరెట్టు. అది మంటతో కాక కుములుతూ నిప్పు పెడుతుంది. ఆ ప్రమాదాన్ని 12 సెకన్ల పరీక్ష ప్రతిబింబించదు.

జ్వాలా నిరోధకాల వల్ల ప్రాణాలు దక్కుతాయని చెప్పడానికి 1988లో అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల జరిపిన ఒక పరిశోధనను తరచుగా ఉదహరించేవారు. ఆ పరిశోధన నిర్వహించిన వైటెనిస్ బాబ్రాస్కస్, తాము వాడిన మోతాదులు సాధారణ సోఫాలలో ఉండేవి కావని, తమ ఫలితాలను పరిశ్రమ వక్రీకరించిందని స్పష్టం చేశారు. 'షికాగో ట్రిబ్యూన్' పత్రిక 2012లో ఈ విషయాలన్నింటినీ వరుస కథనాలుగా ప్రచురించింది.

అగ్నిప్రమాదాలలో ఎక్కువ మంది ప్రాణాలు తీసేది మంట కంటే పొగ అన్నది కూడా మరువరాదు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలు ప్రమాదంలో మరణించిన 59 మందిలో అత్యధికులు ఊపిరాడకనే చనిపోయారు. ఆ హాలులో నిప్పు పుట్టినది ట్రాన్స్‌ఫార్మర్‌లో. సోఫాలతో దానికి సంబంధం లేదు. కాని పొగ ఎంత వేగంగా ప్రాణం తీస్తుందో దేశానికి తెలిపిన ఘటన అది. బ్రోమిన్, క్లోరిన్ సమ్మేళనాలు కలిసిన ఫోమ్ కాలినప్పుడు దహనం అసంపూర్ణంగా జరిగి పొగ, కార్బన్ మోనాక్సైడ్ వంటి విషవాయువులు హెచ్చుగా వెలువడతాయి.

ఎట్టకేలకు కాలిఫోర్నియా 2013లో తన ప్రమాణాన్ని సవరించింది. కొత్త పరీక్షలో మంటకు బదులు కుమిలే సిగరెట్టును, ఫోమ్ ముక్కకు బదులు పైగుడ్డతో సహా అమర్చిన నమూనాను ఉపయోగిస్తారు. తగిన గుడ్డను, లోపొరను ఎన్నుకొంటే ఏ రసాయనమూ లేకుండానే ఈ పరీక్షలో నెగ్గవచ్చు. 2020 జనవరి నుంచి కాలిఫోర్నియా ఈ రసాయనాలు కలిపిన కొత్త సోఫాల అమ్మకాన్నే నిషేధించింది. 2021లో ఆ కుమిలే పరీక్ష అమెరికా దేశమంతటికీ ప్రమాణమైంది. పరీక్ష మారగానే రసాయనం అవసరమూ తొలగిపోయింది.

ఒకటి పోతే మరొకటి

ఈ వృత్తాంతంలో అన్నింటికంటే విచారకరమైనది ప్రత్యామ్నాయాల సంగతి. బ్రోమిన్ ట్రిస్‌కు బదులు క్లోరిన్ ట్రిస్ వచ్చింది. పెంటా పోయాక మళ్ళీ క్లోరిన్ ట్రిస్సే సోఫాలలో హెచ్చింది. పసిపిల్లల సామాను 101 రకాలను పరీక్షించి 2011లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో 80 శాతం వస్తువులలో ఏదో ఒక జ్వాలా నిరోధకం ఉండగా, వాటన్నింటిలోకి ఎక్కువగా కనిపించినది క్లోరిన్ ట్రిస్. ఒక్కొక్క రసాయనాన్ని విడివిడిగా పరీక్షించి నిషేధించేలోగా దాని సోదరి విపణిలో స్థిరపడుతున్నది. అందుచేతనే ఒకే స్వభావం గల రసాయనాలను ఒక కుటుంబంగా పరిగణించి విచారించాలన్న అభిప్రాయం శాస్త్రజ్ఞులలో బలపడింది.

అంతర్జాతీయంగా ఈ బాధ్యత స్టాక్‌హోం ఒప్పందం వహిస్తున్నది. పెంటా, ఆక్టా రకాలు 2009లో, ఇళ్ళ గోడల ఫోమ్‌లో వాడే హెచ్‌బీసీడీ 2013లో, డెకా 2017లో ఆ ఒప్పందపు నిషిద్ధ జాబితాలో చేరాయి.

మన దేశంలో

భారతదేశం స్టాక్‌హోం ఒప్పందాన్ని 2006లో ధ్రువీకరించింది. 2012 మేలో అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు కొత్త విద్యుత్ పరికరాలలో పీబీడీఈల పరిమాణం 0.1 శాతానికి మించరాదని నిర్దేశించాయి. 2018 మార్చిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఏడు రసాయనాల తయారీ, వ్యాపారం, దిగుమతి, వాడకాలను నిషేధిస్తూ నియమాలు వెలువరించింది. 2020 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆ ఏడింటి ధ్రువీకరణకు ఆమోదం తెలిపింది. ఆ ఏడింటిలో నాలుగు జ్వాలా నిరోధకాలే. డెకా మాత్రం ఆ ఏడింటిలో లేదు.

మన పరిస్థితి అమెరికా పరిస్థితి వంటిది కాదు. 12 సెకన్ల పరీక్ష మన ఇళ్ళ సోఫాలను శాసించలేదు. మన దేశంలో సమస్య ఎక్కువగా పాత విద్యుత్ పరికరాల ద్వారా వస్తుంది. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల పాత కంప్యూటర్లను, టెలివిజన్లను విప్పి, తీగలను కాల్చి రాగి తీసే పని చిన్న చిన్న వసారాలలో జరుగుతూ వచ్చింది. బ్రోమిన్ గల ప్లాస్టిక్ కాలినప్పుడు డయాక్సిన్ల జాతికి చెందిన అతి తీవ్రమైన విషాలు పుడతాయి. ఆ ధూళిని, పొగను మొదట పీల్చేది పని చేసే కూలీలు, వారి పక్కన ఆడుకొనే పిల్లలు. అదే ప్లాస్టిక్‌ను కరిగించి బొమ్మలు, గరిటెలు చేస్తే ఆ విషం మళ్ళీ ఇళ్ళకు తిరిగి వస్తుంది.

గృహస్థులు చేయగలిగినది

ఇందుకు ఖరీదైన సాధనాలేవీ అక్కరలేదు. చీపురుతో పొడిగా ఊడ్చినప్పుడు ధూళి లేచి మళ్ళీ పరుచుకొంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. మన ఇళ్ళలో అనాదిగా ఉన్న నేల తుడిచే అలవాటే నేటి శాస్త్రజ్ఞులు సూచిస్తున్న మొదటి ఉపాయం. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం రెండవది. పాకే బిడ్డల చేతులు తరచుగా కడగడం అంతకంటే ముఖ్యం. చిరిగి ఫోమ్ పొడి రాలుతున్న సోఫాకు వెంటనే కొత్త గుడ్డ వేయించాలి, లేదా దానిని తీసివేయాలి. పాత తీగలను, ప్లాస్టిక్‌ను ఇంటి ముందు కాల్చరాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు 2014కు పూర్వపు సోఫాలను వాడుతున్నట్లయితే, అడుగున కుట్టిన చీటీపై 117వ ప్రమాణం పేరు ఉన్నదేమో చూసుకోవడం మంచిది.

నిప్పు భయం మాత్రం తగ్గకూడదు. పక్క మీద పొగ త్రాగకపోవడం, పాత వైరింగును మార్పించడం, వంట ముగియగానే గ్యాస్ రెగ్యులేటరును కట్టివేయడం, పెద్ద భవనాలలో పొగను పసిగట్టి గంట మోగించే పరికరాలను అమర్చడం, మెట్లదారిని సామానుతో నింపకుండా ఉంచడం: ప్రాణాలను కాపాడేవి ముందుగా ఇవి. వీటికి ఏ రసాయనమూ ప్రత్యామ్నాయం కాదు.

భద్రతా ప్రమాణాలను రూపొందించేవారు ఇకమీదట రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. పరీక్ష నిజమైన ప్రమాదాన్ని పోలి ఉన్నదా? ఆ పరీక్షలో నెగ్గడానికి వస్తువులో చేర్చే పదార్థం, వస్తువు పాతబడిన తరువాత ఎక్కడికి పోతుంది? ఈ రెండు ప్రశ్నలూ 1975లోనే అడిగి ఉంటే ఒక తరం పిల్లల రక్తంలో ఆ రసాయనాలు ఉండేవి కావు. సొంత ప్రమాణాలను తీర్చిదిద్దుకొనే దేశాలకు ఇతరుల అనుభవం నుంచి నేర్చుకొనే అవకాశం ఉంది. ఆ అవకాశం ఖర్చు లేనిది.